పాత చోటే

బొటనవేలు తీస్తే అమ్మ చచ్చిపోతుంది. ఇందులో డొంకతిరుగుడేమీ లేదు. కూతురి కుడిచేతి బొటనవేలు అమ్మ ఎడమ ముంజేతి మీద, మణికట్టుకి నాలుగు వేళ్ళ పైన, చర్మం చిట్లి చిల్లుపడిన చోట దిగబడి ఉంది. ఆ వేలు అక్కడ ఉన్నంతసేపు అమ్మ ఉంటుంది. తీస్తే పది నిమిషాలు, గట్టి ప్రాణం కాబట్టి మహా అయితే పావుగంట. ఈ సంగతి ఆమెకి ఇంకొకళ్ళు చెప్పనక్కర్లేదు, పదకొండేళ్ళుగా డయాలసిస్ సెంటర్లో చేతులకి సూదులు పొడుస్తున్న మనిషి. నెత్తురు చిమ్మితే గుడ్డలు చుట్టకండి, గుడ్డ గుటగుటా తాగేస్తుంది, ఎంత పోయిందో మీకు తెలియదు, ఒక్క వేలు పెట్టి నొక్కండి, ఎవరు చెప్పినా ఆ వేలు తీయకండి అని ఎందరి ఇళ్ళవాళ్ళకి నూరిపోసిందో. నూరిపోసేటప్పుడు ఆ వేలు ఎంతసేపటికి తిమ్మిరెక్కుతుందో, ఎంతసేపటికి అది తన వేలో పరాయి వేలో తెలియకుండా పోతుందో వాళ్ళూ అడగలేదు, తనూ ఆలోచించలేదు. గోడ గడియారంలో మూడుకి పది నిమిషాలు. మొదలై పన్నెండు నిమిషాలు.

పన్నెండు నిమిషాల కిందట అమ్మ బల్ల ముందు నిలబడి కూతురి యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. ఆ చేత్తో పని చేయొద్దని కూతురు వెయ్యిసార్లు చెప్పింది. పని కుడిచేత్తోనే కదే, ఎడమచేయి ఊరికే గుడ్డ పట్టుకుంటుంది అని అమ్మ వెయ్యిసార్లూ కొట్టిపారేసింది. ముప్ఫై ఏళ్ళు లాండ్రీలో నిలువుకాళ్ళ మీద ఇస్త్రీ చేసిన మనిషి, ఇంట్లో నలిగిన బట్ట కనిపిస్తే ఒంటికాలి మీద లేస్తుంది. కూతురు పొద్దుటి డ్యూటీ దిగి వచ్చి, తలుపు గడియ వేసి, చెప్పులు విడిచి, మంచినీళ్ళ గ్లాసు ఎత్తిందో లేదో బల్ల అంచుకి అమ్మ చేయి రాసుకుంది. నిన్నటి సూది చోట కట్టిన పక్కు లేచిపోయింది. అంతే. కుళాయి తిప్పినట్టు కాదు, కుళాయి విరిగినట్టు. గోడ మీద నిలువెత్తు చార పడింది, క్యాలెండర్లో ఈ నెల సగం ఎర్రబడింది, తెల్ల యూనిఫాం మీద, అమ్మ మెడ మీద, ఆమె నోట్లో కూడా, ఉప్పగా, వెచ్చగా. గ్లాసు ఎక్కడ పడిందో తెలియదు. గదికి అడ్డంగా దూకి, అమ్మని బల్ల కాళ్ళకేసి కూలదోసి, చేయి గుంజి, వేలు గుచ్చింది. ప్రాణం నిలబెట్టడానికే అయినా చూసేవాడు ఎవడైనా ఉంటే కూతురు తల్లిని చంపుతోందనే అనుకునేవాడు.

నెత్తుటి వేళ్ళకి ఫోను పలకలేదు. ఎడమచేత్తో మూడుసార్లు రుద్ది, విసిగిపోయి, నేల మీద పెట్టి ముక్కుతో నొక్కింది. అంబులెన్సు అతను నిదానస్తుడు. "వంతెన మీద లారీ అడ్డం పడిందమ్మా, మేం చుట్టూ తిరిగి రావాలి. ముప్పావుగంట పట్టొచ్చు. అందాకా వేలితో నొక్కి పట్టుకోండి. గుడ్డలవీ చుట్టకండి." ఆమె బుద్ధిగా సరేనంది. ఆ తర్వాత గొంతు చించుకుని అరిచింది. మధ్యాహ్నం పూట ఆ అంతస్తులో నరమానవుడు ఉండడు. కింద వడ్రంగి కార్ఖానాలో రంపం మిషను మొద్దుల్ని నిలువునా చీలుస్తూ ఊళ పెడుతోంది, దాని ముందు ఆమె గొంతెంత. తలుపు అక్కడే ఉంది, పన్నెండడుగుల దూరంలో. దానికి పై గడియ. తనే వేసింది. తీయాలంటే లేచి నిలబడి చేయెత్తాలి, ఇప్పుడది ఊరికి ఊరు వెళ్ళినంత ప్రయాణం.

మాడు వాసన వస్తోంది. ఇస్త్రీ పెట్టె యూనిఫాం మీదే బోర్లా ఉండిపోయింది. ఆమె కాలు చాచి, వేళ్ళ సందున తీగ ఇరికించి లాగింది, ప్లగ్గు ఊడింది, వాసన మాత్రం పోలేదు. ఆ వాసన ఆమెకి కొత్త కాదు. దాన్ని అవతలికి నెట్టి వేలి మీద మనసు పెట్టింది. వేలి కింద జుమ్మంటోంది, డబ్బాలో తుమ్మెదని పెట్టి మూసినట్టు. మూడేళ్ళ కిందట అమ్మ కిడ్నీలు పాడైనప్పుడు, డయాలసిస్ కోసం సర్జను మణికట్టు దగ్గర లోతున ఉన్న ధమనిని తెచ్చి ఈ పై సిరకి కుట్టినప్పటి నుంచీ అది అలా జుమ్మంటూనే ఉంది. గుండె నుంచి వచ్చే నెత్తురు దూకుడుగా ఈ సిరలోకి పడుతుంది, పడీ పడీ సిర వేలంత లావైంది, గోడ గట్టిపడింది, లావాటి సూదులు దిగడానికి వీలైంది. మరీ గట్టిగా నొక్కితే లోపల గడ్డకట్టి ఆ దారి మూసుకుపోతుంది, వారం తిరక్కుండా ఒంట్లో విషం పేరుకుంటుంది. మెత్తగా నొక్కితే ఇప్పుడే చిమ్ముతుంది. ఈ రెండింటికీ నడుమ నూలుపోగంత జాగా ఉంది. ఆమె వేలు ఆ పోగు మీద నిలబడి ఉంది.

పై సిరలంటే పై సిరలే, అనేవారు శిక్షణలో ముసలి మేష్టారు, తన చొక్కా చేయి మడిచి ముంజేతి మీద పెన్నుతో గీస్తూ. చర్మం, చర్మం కింద కొవ్వు, కొవ్వులో ఇవి. వీటి కింద తెల్లటి పొర, ఆ పొర కింద కండ. ఇవి ఆ పొర దాటి లోపలికి పోవు, కొవ్వులో పరుచుకుని పడుకుంటాయి, అందుకే కంటికి కనిపిస్తాయి, అందుకే సూదికి చిక్కుతాయి. బొటనవేలి మొదట్లో పుట్టి, మణికట్టు పక్కనుంచి ఒరుసుకుంటూ పైకి తిరిగి, ముంజేతి బయటి అంచు పట్టుకుని మోచేతికి పోయేది సెఫాలిక్. చిటికెన వేలి వైపు నుంచి లోపలి అంచున పోయేది బాసిలిక్, అది సిగ్గరి, పక్కకి తిరిగితే గానీ కనపడదు. నడిమధ్య సన్నగా పాకేది ఇంకొకటి, కొందరికి ఉంటుంది, కొందరికి ఉండదు. మోచేతి మడతలో ఐమూలగా పోతూ బయటిదాన్నీ లోపలిదాన్నీ కలిపేది అడ్డ సిర, నెత్తురు తీసేవాళ్ళకి అదే అన్నం పెట్టే తల్లి. ఏ ఇద్దరి చేతుల్లోనూ ఇవి ఒక్కలా ఉండవు, ఒకే మనిషి రెండు చేతుల్లోనూ ఉండవు అని ఆయన చెబుతుంటే తోటి పిల్లలు పుస్తకాల్లో బొమ్మలు గీసుకున్నారు. ఆమె గీసుకోలేదు. పేర్లు తెలియవు గానీ ఈ దారులన్నీ ఆమెకి ఆరో ఏటి నుంచే కంఠతా వచ్చు.

ఎందుకంటే అమ్మ కుడిచేయి కొట్టేది, ఎడమచేయి జుట్టు పట్టేది. జుట్టు పట్టి తల వెనక్కి వంచితే కళ్ళకి బెత్తెడు దూరంలో ఉండేది ఈ ఎడమ ముంజేయే. లాండ్రీలో పనిచేసి చేసి ఇనుపచువ్వలా ఎండిన చేయి, చర్మం కింద ఒక్క పిసరు కొవ్వు లేదు, సిరలన్నీ పైకే. గుప్పిట బిగిస్తే లోపలి కండలు నెత్తుటిని పైకి తోస్తాయి, పై సిరలు ఉబ్బుతాయి, ఈ ముక్క మేష్టారు చెప్పినప్పుడు ఆమె ఇంత చిన్న విషయమా అనుకుంది. అమ్మ మొహం చూసి ఏమీ చెప్పలేం, మొహం ఎప్పుడూ ఒకేలా ఉండేది. చేయి చూస్తే తెలిసేది. బయటి అంచుది ఒక్కటే లేస్తే చెంపదెబ్బతో పోతుంది. మోచేతి మడతలో అడ్డది కూడా తేలితే అట్లకాడ. కంటికి కనపడని ఆ చిటికెన వైపుది తాడులా లేచిందంటే ఇక ఏది చేతికి దొరికితే అది, ఆ రోజు బడి లేదు, మర్నాడూ లేదు. ఆకాశం చూసి వాన చెప్పేవాళ్ళుంటారు, ఆమె చేయి చూసి దెబ్బ చెప్పేది. మెడ దానంతటదే భుజాల్లోకి ముడుచుకునేది. ముప్ఫై ఆరేళ్ళు వచ్చినా, ఎవరైనా పక్కన చేయెత్తి ఫ్యాను స్విచ్చు వేసినా, ఆ మెడ ఇప్పటికీ ముడుచుకుంటుంది, దానికి వయసు రాలేదు.

దెబ్బలకి ఒక వరస ఉండేది. ముందు అమ్మ వెళ్ళి తలుపుకి పై గడియ వేసేది, పక్కింటివాళ్ళు అడ్డం రాకుండా. ఆ ఇనుప గడియ జారి చప్పుడైతే చాలు, ఆమెకి కాళ్ళ వెంట పోసుకున్నంత పనయ్యేది, రెండుసార్లు పోసుకుంది కూడా. తర్వాత నాన్న రేడియో గొంతు పెంచేవాడు. చీమకైనా హాని తలపెట్టని మనిషి నాన్న, అందరూ అదే మాట అనేవాళ్ళు, అమ్మ చేయిచేసుకున్నప్పుడల్లా ఆయన మంచం మీద గోడవైపు తిరిగి వార్తలు వినేవాడు, వార్తలు లేకపోతే ధరవరలు వినేవాడు. అంత మంచివాణ్ణి ఆమె ఇప్పటికీ క్షమించలేదు. గదిలో ఇంకేమున్నాయి, మంచం, స్టవ్వు, దుప్పటి కప్పిన బీరువా. ఆ బీరువా తలుపుకి నిలువుటద్దం ఉండేది, దుమ్ము పడుతుందని దాని మీద ఎప్పుడూ పాత దుప్పటి వేలాడుతుండేది, ఆమె చిన్నతనమంతా మొహం కడుక్కునే చిన్న అద్దంలో ముక్కలు ముక్కలుగా గడిచింది. దెబ్బలు అయ్యాక గడియ తీసేది కూడా అమ్మే. తీసి, ఏమీ జరగనట్టు, పోయి గంజి వార్చేది.

తొమ్మిదో ఏట ఒక తెల్ల చొక్కా. అమ్మ లాండ్రీ నుంచి మిగిలిన పని ఇంటికి తెచ్చుకునేది. పెట్టె కాస్త చూస్తుండు, ఇప్పుడే వస్తానని బయటికి పోయింది. చూస్తుండమంటే చూస్తూనే ఉంది, పెట్టె బోర్లా ఉందని చూస్తూనే ఉంది, ఎత్తాలని తట్టలేదు. అమ్మ తిరిగొచ్చేసరికి చొక్కా వీపున పడవ ఆకారంలో మచ్చ. గడియ పడింది. రేడియో లేచింది. అమ్మ ఆమె ఎడమ మణికట్టు పట్టుకుని, చేయి బల్ల మీద పరిచి, చొక్కాని పరిచినట్టే పరిచి, లోపలివైపు మెత్తటి చోట పెట్టె ఆనించింది. ఎంతసేపో తెలియదు. ఒకటి, రెండు అనేంతసేపు ఉంటుంది. కాలేది తన చేయేనని కేక వచ్చాక గానీ తెలియలేదు. ఆ వాసనే ఇది. మచ్చ ఇప్పటికీ ఉంది, చిన్న పడవ, అక్కడ చర్మం మెరుస్తుంది, దాని కింద ఒక్క సిర కనపడదు. ఏటేటా స్టాఫు పరీక్షల్లో తోటివాళ్ళు నెత్తురు తీయడానికి వస్తే ఎడమచేయి దాచుకుని కుడిచేయి ఇస్తుంది. ఏమైందంటే వేడినీళ్ళంటుంది.

"నీ వేలు ఎముకలో దిగుతోందే," అంది అమ్మ. పెదవులు పాలిపోయాయి. బల్ల కాలికి వీపు ఆనించి, మోకాళ్ళు మడుచుకుని, ఎత్తిపట్టిన తన చేతిని తానే పరాయిదాన్ని చూసినట్టు చూస్తోంది.

"దిగనీ. నిద్రపోకు."

"నిద్ర ఎక్కడిది."

మూడూ అయిదు. రంపం ఒక మొద్దు ముగించి ఇంకొక మొద్దు అందుకుంది. బొటనవేలి కణుపులో మొదలైన నొప్పి మోచేయి దాటి భుజంలోకి పాకి, అక్కడ కూర్చుంది. వేలు మార్చొచ్చు, ఎడమ బొటనవేలు పక్కన పెట్టి ఇది తీయొచ్చు, కానీ మార్చేటప్పుడు ఎంత ఒడుపుగా మార్చినా ఒక దూకు దూకుతుంది, అమ్మ దగ్గర ఇంక పారబోసుకోవడానికి లేదు. సెంటర్లో పేషెంట్లు ఆమెకి దోమ అని పేరు పెట్టారు. కుట్టినట్టే తెలియదట. ఇవాళ దోమ డ్యూటీలో ఉందా అని కనుక్కుని మరీ వచ్చేవాళ్ళున్నారు. అమ్మ కూడా ఆ పేరు విని నవ్వింది, మూడేళ్ళ కిందట, మొదటిరోజు కుర్చీలో వాలి చేయి చాపినప్పుడు. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వను, నా కూతురే పొడవాలి అని పట్టుబట్టింది. అయినవాళ్ళని మనం పొడవకూడదని పెద్ద సిస్టర్ గొణిగింది గానీ, అమ్మ సిరలు సూది చూస్తే పక్కకి జారేవి, వేరేవాళ్ళు రెండుసార్లు పొడిచి చేతులెత్తేశారు. చివరికి పెద్ద సిస్టరే సరే కానీ అంది.

ఆ మొదటి నెల. ఆ నెల సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, తనకి తాను కూడా పూర్తిగా చెప్పుకోలేదు. సూది చోటు రోజురోజుకీ మార్చాలి, నిచ్చెన మెట్లలా పైకి పోవాలి, పైదాకా పోయాక మళ్ళీ కిందికి రావాలి. అలా పోతేనే గోడ ఎక్కడా అరగదు. కొత్త చోటు ప్రతిసారీ నొప్పే. మొదటి సూది దిగినప్పుడు అమ్మ కేక పెట్టింది. చిన్న కేక, కుక్కపిల్ల తోక తొక్కితే వచ్చేంత. ఆ కేక వినగానే ఆమెకి కడుపు చల్లబడింది. నిజం, కడుపులో ఎక్కడో మంట మీద చెంబుడు నీళ్ళు పోసినట్టు హాయిగా ఉంది. రెండోసారి దోమలా పొడవలేదు. కాస్త నిదానించి పొడిచింది. మూడోసారి, మెత్తటి చోటు చూసి, సూది లోపల పెట్టాక కోణం సరిచేస్తున్నట్టు అటూ ఇటూ తిప్పింది. నాలుగోసారి అమ్మ అరవకుండా పళ్ళ బిగువున పట్టుకుంటే, ఇంకొంచెం తిప్పింది, అరిచేదాకా. ఎవరికి తెలుస్తుంది, సిర జారిందంటే జారింది. రెండు సూదులు, వారానికి మూడు రోజులు. ఆ నెల్లాళ్ళూ ఆమె డ్యూటీకి తలదువ్వుకుని పెళ్ళికి పోయినట్టు పోయింది.

నెల దాటాక ఒకనాడు అమ్మ చేయి చాపి, "పాత చోటే పొడువు," అంది. చాలామంది అడుగుతారు. ఒకే చోట పొడుస్తుంటే అక్కడ నరాలు చచ్చి నొప్పి తెలియదు, పేషెంటుకి హాయి, పొడిచేవాళ్ళకీ హాయి, సూది పాత దారిన జారుకుంటూ పోతుంది. చేయకూడదు. చేస్తే ఆ చోటు ఉబ్బుతుంది, చర్మం పలచబడుతుంది, ఒకనాటికి చిట్లుతుంది. కొత్త పిల్లలకి ఈ పాఠం చెప్పేదే ఆమె. అయినా పాత చోటే పొడిచింది. అమ్మ అరవడం మానేసింది, ఆమెకి సరదా పోయింది, సరదా పోయినందుకు సిగ్గూ పోయింది, బతికాననుకుంది. చార్టులో ముంజేతి బొమ్మ ఒకటి ఉంటుంది, ఏ రోజు ఎక్కడ పొడిచామో దాని మీద గీటు పెట్టాలి. ఆమె రోజుకొక కొత్త మెట్టు మీద గీటు పెట్టింది. బొమ్మలో చేయి నిండా గీట్లు, అసలు చేతికి ఒకటే గొయ్యి. పోయిన వేసవిలో ఆ చోటు గోలీకాయంత లేచింది. ఆ తర్వాత చర్మం ఉల్లిపొరలా మెరవడం మొదలెట్టింది. ఆమె చూసింది. సర్జనుకి చూపించాలి అనుకుంది. వచ్చే వారం అనుకుంది. వచ్చే వారం కూడా వచ్చే వారం అనుకుంది. మరిచిపోయానా అని ఇప్పుడు తనని తాను నిలదీస్తే, లేదు, మరిచిపోలేదు. పెట్టె బోర్లా ఉందని చూస్తూనే ఉంది.

అప్పుడు వేలు వదులైంది. వదులైందో, వదిలిందో. చిల్లు అంచున ఎర్రటి పూసొకటి లేచి, ఉబ్బి, పగిలి, అమ్మ మోచేతి వైపు పరుగెత్తింది, దాని వెనక ఇంకొకటి. ఎంత తేలిక, అనుకుంది. ఎవరూ తప్పు పట్టరు, ముప్పావుగంట పట్టుకుంది పాపం, చేయి జారింది అంటారు. రంపం అరుస్తూనే ఉంది, ఇంతకంటే పెద్ద రేడియో ఎక్కడ దొరుకుతుంది. మూడో పూస లేచింది.

"వదిలేస్తావా?" అంది అమ్మ. భయపడుతూ కాదు. అన్నం వడ్డించమంటావా అన్నట్టు అడిగింది.

ఆమె వేలు నొక్కింది. ఎముక తగిలేదాకా నొక్కింది. అమ్మ మూలిగింది, ఆ మూలుగుకి కడుపు చల్లబడుతుందేమోనని ఆమె ఒక్క క్షణం ఎదురుచూసింది. చల్లబడలేదు.

"అమ్మా. అక్కడ చర్మం పలచబడిందని నాకు తెలుసు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నాలుగు నెలలు."

"నాకు ఆర్నెల్లుగా తెలుసు," అంది అమ్మ. "రోజూ స్నానం చేసేటప్పుడు తడుముకునేదాన్ని. పండిన టమాటాలా ఉండేది."

"మరి చోటు మార్చమని ఒక్కసారైనా అనలేదేం? నొప్పికి అంత భయమా నీకు?"

అమ్మ కళ్ళు మూతలు పడుతున్నాయేమోనని ఆమె మోకాలితో పొడిచింది. అమ్మ తల విదిలించి, గోడ మీద చారవైపు చూస్తూ చెప్పింది. "మొదట్లో నువ్వు కొత్త చోట పొడిస్తే అరిచేదాన్ని కదా. అప్పుడు నీ మొహం చూశాను. నాకు తెలిసిన మొహమే. నిన్ను కొడుతూ ఒకసారి బీరువా అద్దంలో చూసుకున్నాను. అదే మొహం. నేను అరవకపోతే నీకది రాదనుకున్నా. పాత చోటైతే నేను అరవను."

ఆమెకి దుప్పటి గుర్తొచ్చింది, దాని అంచున చిరుగు, చిరుగులోంచి మెరిసే గాజు.

"అద్దంలో చూసుకున్నాకైనా ఆపావా?"

"లేదు. అద్దానికి దుప్పటి కప్పాను."

కోపం వచ్చింది. అలాంటిలాంటి కోపం కాదు, ఈ చేతిని బల్లకేసి కొట్టి విరగ్గొట్టాలన్నంత కోపం. ఇంత తెలిసిన మనిషి, అన్నీ చూసిన మనిషి, తప్పు చేశానే అని ఒక్క మాట అనదు. అనకుండా, తన చేతిలో తానే గొయ్యి తవ్వించుకుని, ఆ పారని కూతురి చేతికి ఇచ్చింది. నా కోసమా ఇదంతా. ఎవరడిగారు నిన్ను. అడగాల్సినప్పుడు అడిగాను కదా, వద్దమ్మా వద్దమ్మా అని గొంతు పోయేదాకా అడిగాను కదా. ఆమె ఏడుస్తోంది, ముక్కు తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేక భుజానికి రాసుకుంది, భుజం నిండా అమ్మ నెత్తురే. వేలు మాత్రం ఉన్నచోటనే ఉంది. కోపానికీ వేలికీ మధ్య తెల్లటి పొరేదో ఉన్నట్టుంది, ఇది దాటి అది పోవడం లేదు.

నేల మీద ఫోను వణికింది. ముక్కుతో నొక్కింది. "వచ్చేశామమ్మా. కింద ఉన్నాం. లిఫ్టు పనిచేయడం లేదు, మెట్లెక్కి వస్తున్నాం. తలుపు తీసి పెట్టండి." మూడు ఇరవై రెండు. తలుపు తీసి పెట్టాలట.

"లేవగలవా?" "లేవలేను. జరగగలను." అలా బయల్దేరారు. అమ్మ కూర్చునే వెనక్కి వెనక్కి ఈడ్చుకుంటూ, ఆమె మోకాళ్ళ మీద ఎదురుగా పాకుతూ, నడుమ ఎత్తిపట్టిన ఆ చేయి. నేల జారుతోంది, అప్పుడే కడిగినట్టు. మోకాలి కింద గ్లాసు పెంకు దిగింది, ఇదిగో ఇక్కడ పడిందన్నమాట గ్లాసు అనుకుంది. మధ్యలో అమ్మ ఆగి ఆయాసపడింది, వాంతి చేసుకుంది, మూతి తుడుచుకుంది. "ఇవాళ గడియ ఎందుకేశావే?" "రోజూ వేస్తాను. నువ్వు నేర్పిందేగా." అమ్మ కిసుక్కున నవ్వబోయింది, ఊపిరి చాల్లేదు. అవతల మెట్ల మీద బూట్ల చప్పుడు, స్ట్రెచరు గోడకి తగులుతున్న చప్పుడు. తలుపు కొట్టారు. లోపల గడియ ఉంది, ఆగండి అని ఆమె అరిచింది.

అమ్మ తలుపుకి వీపు ఆనించి, పిడి పట్టుకుని, అంగుళం అంగుళం లేచింది. ఆమె కూడా లేచింది, వేలు కదలకుండా. ఇద్దరూ ఇంత దగ్గరగా నిలబడి ఎన్నేళ్ళయిందో, అమ్మ ఊపిరి ఆమె చెంపకి తగులుతోంది, పుల్లగా, చల్లగా. గడియ అమ్మ తల మీద జానెడు ఎత్తున ఉంది, పాత గడియ, మొరాయిస్తుంది, ఎగదోసి గుంజాలి. అమ్మ కుడిచేయి ఎత్తింది. ఉన్న బలమంతా కూడదీసుకుని గుప్పిట బిగించింది. ఆమె కళ్ళకి బెత్తెడు దూరంలో ఆ ముంజేయి. బయటి అంచుది లేచింది. మడతలో అడ్డది తేలింది. చిటికెన వైపుది, ఎప్పుడూ కనపడనిది, తాడులా లేచింది.

మెడ ముడుచుకుంది. ఆమె ముడవలేదు, అదే ముడుచుకుంది, కళ్ళు మూసుకుపోయాయి, చేతులు మొహానికి అడ్డం పోయాయి, రెండు చేతులూ. చిమ్మింది. తలుపు మీద, అమ్మ కళ్ళలో, ఆమె నుదుటి మీద వెచ్చగా. లిప్తపాటే. ఆమె కళ్ళు తెరిచి, గుడ్డిగా తడిమి, జారి, మళ్ళీ తడిమి, ఆ గొయ్యిని పట్టుకుని వేలు గుచ్చింది. అమ్మ చేయి ఇంకా గాలిలోనే ఆగిపోయి ఉంది. అమ్మ నెత్తురు నిండిన కళ్ళతో ఆమెనే చూస్తోంది. ఆ ముడుచుకున్న మెడని, పాలిపోయిన మొహాన్ని, ముప్ఫై ఏళ్ళ తర్వాత మొదటిసారి చూసినట్టు చూస్తోంది.

"కొట్టడానికి కాదే," అంది అమ్మ. "గడియకి."

ఎగదోసి గుంజింది. గడియ చప్పుడైంది. తలుపు తోసుకుని ఇద్దరు మనుషులు లోపలికి వచ్చారు, ఒకడు అమ్మని నడుం దగ్గర పట్టుకున్నాడు, రెండోవాడు పట్టీ విప్పుతూ, వేలు తీయకండి, నేను చెప్పేదాకా తీయకండి అంటున్నాడు. అమ్మ వాళ్ళ వైపు చూడలేదు. పైకెత్తిన కుడిచేతిని ఒక్కసారిగా దించలేదు. ముందు గుప్పిట విప్పింది. అరచేయి కూతురికి కనపడేలా తిప్పింది. అప్పుడు, మంచం మీద నిద్రపోయే పసిపిల్ల పక్కనుంచి లేచేవాళ్ళు ఎంత మెల్లగా లేస్తారో అంత మెల్లగా, ఆమె చూస్తుండగా, ఆ చేతిని కిందికి దించింది. అయినా ఆమె మెడ ముడుచుకునే ఉంది. వేలు మాత్రం కదల్లేదు.